నలభై రెండో బల్ల

స్టోరు పైగది,
మార్చి 4, ఆదివారం

అక్కా,

ముందు నీతో పోట్లాడి, ఆ తర్వాత క్షేమమా అని అడుగుతాను. మీ క్యానరీ ఫ్యాక్టరీ వాళ్ళకి బుద్ధుందా లేదా? చేప డబ్బా చిక్కిపోయిందని ఒక్క ముక్క చెప్పడానికి మీకు నోరు రాలేదు. ఇక్కడ కౌంటరు దగ్గర నిలబడి చీవాట్లు తింటున్నది నేను!

సోమవారం కొత్త ట్యూనా డబ్బాలొచ్చాయి. అరలో సర్దుతుంటేనే చేతికి తేడా తెలిసింది. అదే నీలం కాగితం, అదే చేప బొమ్మ, అదే ఎత్తు. తిరగేసి చూస్తే అడుగు లోపలికి నొక్కేసి ఉంది. వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగింది. పైగా మూత మీద ‘మీకోసం కొత్త అందాలతో’ అని రాశారు. ఏం అందమో ఏమో!

మధ్యాహ్నానికల్లా లెక్కల టీచరు దిగింది. నీకు చెప్పాను కదా, రిటైరయి పదేళ్ళయినా ఇంకా అందర్నీ గోడకుర్చీ వేయించేలా చూస్తుందే, ఆవిడ. ఇంట్లో గుండీలు వేసుకునే పాత ట్యూనా డబ్బా ఖాళీ చేసి పట్టుకొచ్చింది. దాన్నిండా నీళ్ళు పోయించి, “అమ్మాయ్, ఈ నీళ్ళు ఆ కొత్తదాంట్లో పట్టాలి కదా? పొయ్యి” అంది. కొత్త డబ్బా ఒకటి నా చేతే తెరిపించింది, గిన్నెలోకి వంపించింది. పోశాను. కౌంటరంతా వరద. మేనేజరు ఆవిణ్ణి ఏమీ అనలేక నావంక గుడ్లురిమి చూశాడు.

“సముద్రంలో చేప తగ్గిందండీ,” అన్నాను.

“తగ్గితే తగ్గిందని రాయమను. అందం అంటారేం?” అంది.

అంత గొడవలోనూ నీ నంబరు మాత్రం వెతుక్కున్నాను. డబ్బా అడుగున తేదీ, దాని పక్కన డబ్బా నింపిన బల్ల నంబరు. 42 కనబడగానే ప్రాణం కుదుటపడుతుంది. ఫలానా తేదీన అక్క పనిలోకి వెళ్ళింది, ఒంట్లో బాగానే ఉంది అని లెక్క. నువ్వు ఉత్తరం రాయడానికి బద్ధకించినా నీ కబురు నాకు అందుతూనే ఉంటుంది. నీవన్నీ ముందు వరసలో పెడతాను. వారానికొకటి నేనే కొనుక్కుంటాను.

వంటింటి అరలో ఒకటి మాత్రం ముట్టుకోకుండా ఉంచాను. బావ ఆఖరిసారి ఒడ్డుకి దించిన చేపని నువ్వు డబ్బాల్లో పెట్టావే, ఆ వారం తేదీ ఉన్నది. వాడటానికి గడువు ఈ నవంబరు 20 అని ఉంది. గడువు దాటినవి ఏరి పారెయ్యడమే నాకు జీతమిచ్చే పని. దీన్నేం చెయ్యనక్కా?

నీ
బుల్లి


క్యానరీ వెనక వీధి,
మార్చి 15

బుల్లీ,

నీ పోట్లాట క్షేమంగా చేరింది. ఆ నీళ్ళేవో మీ మేనేజరు నెత్తిన పోసి ఉంటే ఇంకా బావుండేది.

డబ్బా చిక్కిందని నువ్వు చేత్తో పట్టి తెలుసుకున్నావు, నా చేతి బాధ నీకేం తెలుసు? ఇరవై తొమ్మిదేళ్ళయిందే ఈ బల్ల దగ్గర నిలబడి. ఉడికిన చేప నా ముందుకొస్తుంది, ముల్లు తీస్తాను, పిడికిట్లోకి తీసుకుని డబ్బాలో పెడతాను. నూట ముప్ఫై గ్రాములు. చూడక్కర్లేదు, తూచక్కర్లేదు. పక్క బల్ల నలభై మూడుతో కబుర్లు చెబుతూ పెట్టినా నూట ముప్ఫయ్యే. ఇప్పుడు వందే పెట్టాలిట. మిగతాది నీళ్ళు. ఇరవై డబ్బాలకి ఒకటి త్రాసు ఎక్కుతుంది. తక్కువైతే ఎర్ర లైటు, ఎక్కువైతే పసుపు. ఈ నెలంతా నా బల్ల మీద పసుపే. సూపర్‌వైజరు ఒకడున్నాడు, మేం స్టాపువాచీ అంటాం. వచ్చి నిలబడి, “అమ్మా, మీ చెయ్యి ఇంకా పాత రోజుల్లోనే ఉండిపోయింది,” అంటాడు. చెడ్డవాడు కాదులే. చెయ్యి మాట వినడంలేదు, ఏం చెయ్యమంటాడు?

మీ టీచరు మాట నిజం. తగ్గింది. ఒకప్పుడు బల్ల మీదకి వచ్చిన తునకని రెండు చేతులా ఎత్తాల్సొచ్చేది. ఇప్పుడు మొత్తం చేపే నా మోచేతి పొడవు లేదు. ముల్లు వేళ్ళ మధ్య పుటుక్కున విరిగిపోతుంది, ఇంకా గట్టిపడనే లేదు పాపం. “ఇవన్నీ పిల్లలే, వీటి తల్లులేవీ?” అని మీ బావ అడిగేవాడు. మా పెళ్ళయిన కొత్తలో పడవెక్కితే నాలుగో రోజుకి ఇంట్లో ఉండేవాడు. తర్వాత పది, తర్వాత ఇరవై, చివరికి నలభై. ఆఖరిసారి నలభై ఒకటో రోజున కూడా పడవ సగమే నిండిందని ఇంకా ముందుకి పొమ్మన్నారుట. పడవ తిరిగొచ్చింది. ఆయన రాలేదు. నీకు తెలియంది కాదు. నాలుగేళ్ళు దాటినా రాస్తే కాస్త బరువు దిగినట్టుంటుంది, అంతే.

చేతి వాసన పోయిందా అని కిందటిసారి అడిగావు. పోలేదు. నిమ్మచెక్క, ఉప్పు, సున్నిపిండి అన్నీ అయ్యాయి. నిన్న బస్సులో నా పక్కనున్నావిడ కొంగుతో ముక్కు మూసుకుని కిటికీలోంచి బయటికి దూకేలా కూచుంది. మీ బావ అయితే, “ఆ వాసన రాకపోతే ఎవరింట్లోకి దూరానో అని భయమేస్తుంది,” అనేవాడు.

ఆ డబ్బా ఉండనీ. పారెయ్యకు, తినకు. ఏం చెయ్యాలో నేను చెప్తాను.

మీ అక్క


స్టోరు పైగది,
మే 9

అక్కా, అక్కా, అక్కా!

కూచుని చదువు. నువ్విక్కడ పెద్ద మనిషివైపోయావు.

మన లెక్కల టీచరు ఊరుకునే రకమా? ఇంట్లో త్రాసు పెట్టి, డబ్బాల్లో నీళ్ళన్నీ వంపేసి, ఒట్టి చేపని తూచడం మొదలెట్టింది. పుస్తకంలో గళ్ళు గీసి రాసుకొచ్చింది. ముప్ఫై ఎనిమిదో బల్లది వంద. నలభైది తొంభై తొమ్మిది. నలభై ఒకటిది మళ్ళీ వంద. నలభై రెండుది నూట ముప్ఫై! పొరపాటేమోనని ఇంకో నాలుగు కొని తూచిందట. అన్నీ నూట ముప్ఫయ్యే. అడుగు నొక్కేసిన ఆ డబ్బాలో అంత ఎలా కూరావే తల్లీ?

“ఎవరమ్మా ఈ నలభై రెండు?” అని అడిగింది.

“మా అక్కండీ,” అన్నాను. గర్వంతో అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ నా బుగ్గ మీద చిన్నగా తట్టి, “లోకంలో ఒక్కరైనా సరిగ్గా తూచేవాళ్ళున్నారు,” అంది.

ఇక చూస్కో, వీధంతా పాకిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ డబ్బా తిరగేసి అడుగు చూడటమే. “నలభై రెండు ఉందా?” “నలభై రెండు ఎప్పుడొస్తుంది?” నీ చెయ్యి మాట వినకపోవడం మా అందరి అదృష్టం.

అసలు సంగతి ఇది. మీ పెద్దాఫీసుకి టీచరు ఉత్తరం రాయించింది. ఆవిడకి చెయ్యి వణుకుతుంది కదా, ఆవిడ చెబుతుంటే నేను మంచి కాగితం మీద, నా అందమైన అక్షరాలతో, తప్పుల్లేకుండా రాశాను. బరువులన్నీ గళ్ళల్లో వేశాం. ‘నలభై రెండో బల్ల దగ్గరున్నావిణ్ణి చూసి తక్కినవాళ్ళు నేర్చుకోవాలి, ఆవిణ్ణి తగిన విధంగా గౌరవించండి’ అని ముగించాం. చిరునామా డబ్బా మీద చూసి నేనే రాశాను, నేనే పోస్టు చేశాను. శాలువా కప్పితే నాకు ఫోటో పంపు. పట్టుదయితే సగం నాకు!

నీ
బుల్లి


క్యానరీ వెనక వీధి,
జూన్ 17

బుల్లీ,

ఉత్తరం అందింది. టీచరుగారికి నా నమస్కారాలు చెప్పు. పెద్దావిడ, మంచి మనసు.

ఇక్కడ అంతా మామూలే. శాలువాలూ అవీ ఏం లేవు. పనెక్కువ, తీరిక తక్కువ. వాన మొదలైంది.

నువ్వు ఊరికే డబ్బాల అడుగులు తిరగేస్తూ కూచోకు, మెడ పట్టేస్తుంది. నంబర్లు వెయ్యడం మానేస్తారని అనుకుంటున్నారు. నా కబురు కావాలంటే ఉత్తరం రాయి, రాస్తాను.

ఒంట్లో బాగానే ఉంది.

మీ అక్క


స్టోరు పైగది,
సెప్టెంబరు 23

అక్కా,

మూడు నెలలైంది. రెండు ఉత్తరాలు రాశాను, నీ దగ్గర్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. పనెక్కువన్నావు కదా అని ఊరుకున్నాను. ఇంక ఊరుకోను.

నంబర్లు తీసేస్తారన్నావు. తియ్యలేదు. ఈ వారమే కొత్త సరుకొచ్చింది. జులై తేదీలు, ఆగస్టు తేదీలు, అడుగున బ్రహ్మాండంగా 42. నాకు పండగలా అనిపించి ఒక పెట్టె టీచరుగారికి పక్కన పెట్టి మరీ ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడొచ్చింది. పుస్తకం కౌంటరు మీద పెట్టి నావైపు తిప్పింది. వంద. వంద. వంద. వంద. ఒక్క గ్రాము ఇటూ లేదు, అటూ లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ అక్క కూడా లొంగిపోయిందమ్మా,” అంది. అంతే, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

చెయ్యి మాట వినడంలేదన్నావు. ఇప్పుడెలా విందే? ఆఫీసు వాళ్ళు ఏం చూపించి లొంగదీశారు? ఈ వీధిలో అందరికీ మా అక్క, మా అక్క అని చెప్పుకు తిరిగాను. ఇప్పుడు జనం డబ్బా తిరగేసి చూసి, నంబరు కనబడినా మళ్ళీ పెట్టేస్తున్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఒక్క మాటంటాను, కోపమొస్తే రానీ. పిల్ల చేపల్ని పట్టేస్తున్నారు, అంత దూరం తరిమి మీ బావని పొట్టన పెట్టుకున్నారు అని నాకు రాసినదానివి నువ్వే. ఆ డబ్బాల్లో ఇప్పుడు నీ చేత్తో నువ్వే నీళ్ళు నింపుతున్నావు. బావ ఉంటే నీ మొహం చూసేవాడు కాదు.

బుల్లి


క్యానరీ వెనక వీధి,
అక్టోబరు 7

బుల్లీ,

ఇది రాయకూడదనుకున్నాను. ఆ ఆఖరి మాట నువ్వు రాయకుండా ఉంటే రాసేదాన్నే కాదు.

ఆ డబ్బాలు నావి కావు. జూన్ రెండో తారీకు నుంచి నేను పనిలో లేను.

ఆ రోజు ఆఫీసులోకి పిలిచారు. బల్ల మీద మీ ఉత్తరం ఉంది. సంతకం టీచరుగారిదే, కానీ దూరం నుంచే అక్షరాలు గుర్తుపట్టాను. ‘ళ’ అలా రెండు చుట్లు చుట్టడం నీకు పలక మీద నేర్పింది నేనే కదా. నువ్వు నమ్ము, ముందు సంతోషమే వేసింది. నా చెల్లెలు ఎంత చక్కగా రాసింది అనుకున్నాను. తర్వాత వాళ్ళు మాట్లాడటం మొదలెట్టారు. డబ్బాకి ముప్ఫై గ్రాముల చొప్పున కంపెనీ చేప ఎన్ని బస్తాలు దానం చేశానో చెప్పారు. ఋజువులన్నీ గళ్ళల్లో వేసి మీరే పంపారు, నేను కాదనడానికేం మిగల్లేదు.

స్టాపువాచీ గుమ్మం దగ్గర నిలబడి సైగ చేశాడు, చెయ్యి వినలేదని చెప్పు అని. చెబితే వదిలేసేవాళ్ళేమో. చెప్పలేకపోయాను. ఎందుకంటే అది అబద్ధం. నీకు రాసిందీ అబద్ధమే. నా చెయ్యి వారంలో మాట విందే. నీకు ఆ ఉత్తరం రాసిన మార్చికే విన్నది. త్రాసు ఎక్కే ఇరవయ్యో డబ్బాలో సరిగ్గా వంద పెట్టేదాన్ని, పసుపు లైటు మళ్ళీ వెలగలేదు. తక్కిన పందొమ్మిదిట్లో నూట ముప్ఫై నొక్కి నొక్కి పెట్టాను. అంత దూరం పోయి, మనుషులు ప్రాణాలొడ్డి, పెరగని పిల్లల్ని పట్టుకొస్తే, వాటి మీద నీళ్ళు పోసి అందంగా మూత పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇంతే చేప పెడితే మీ బావ ఇల్లు నడిచింది. ఇంకో మాట ఏం చెప్పను? ఒప్పనీ అనను. నాకు చేతనైంది అదొక్కటే.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు తిండి మానేస్తావు. నీ మీద కోపం రాలేదా అంటే వచ్చింది. ఒక రోజంతా వచ్చింది. నీ ఉత్తరాలన్నీ తీసి పొయ్యి దగ్గర పెట్టుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

నా బల్ల దగ్గర ఇప్పుడు కొత్త పిల్ల ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. వంద పెట్టమంటే వంద పెడుతోంది. పాపం ఆమెనేం అనకండి. డబ్బా తిరగేసి పక్కన పెట్టెయ్యొద్దని అందరికీ చెప్పు.

ఆసుపత్రి వంటశాలలో పొద్దుటిపూట కూరలు తరుగుతున్నాను. గడిచిపోతోంది. ఒకటే కష్టంగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఏం చేసినా పోని చేతి వాసన పదకొండు రోజుల్లో పోయింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. సబ్బు వాసన. ఇల్లు నాది కానట్టుంది బుల్లీ.

గడువు లోపల ఆ డబ్బా పంపెయ్యి.

అక్క


స్టోరు పైగది,
అక్టోబరు 29

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. ఎన్ని కాగితాలు చింపానో. ఏం రాసినా నా అక్షరాలే కనబడుతున్నాయి.

నీ పని పోగొట్టింది నేను. చేతులారా. మంచి కాగితం కొని మరీ. పైగా అలిగి బావ పేరెత్తి అంత మాటన్నాను. ఆ ఉత్తరం చింపెయ్యి. పెట్టెలో దాచకు, నీ కాళ్ళు పట్టుకుంటాను.

టీచరుగారికి చదివి వినిపించాను. పుస్తకం మూసేసి, “నేను ఇరవయ్యో డబ్బా సంగతి ఆలోచించలేదు,” అని అదొక్కటే అంది. ఇప్పుడు రోజూ వచ్చి ట్యూనా అర ముందు నిలబడుతుంది. ఒకటి తీసుకుంటుంది. తిరగేసి చూడదు.

డబ్బా పంపుతున్నాను. దారిలో నొక్కులు పడకుండా నా స్వెటర్లో చుట్టాను. స్వెటరు నువ్వే ఉంచుకో. చలికాలం వస్తోంది.

క్షమించానని మాత్రం అప్పుడే రాయకు. నాకు జాలిపడి రాసినట్టుంటుంది.

బుల్లి


క్యానరీ వెనక వీధి,
నవంబరు 20

బుల్లీ,

అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉన్నాయని హడలిపోకు. నాకేం పక్షవాతం రాలేదు. ఎందుకో చివర చెప్తాను.

డబ్బా వచ్చి పది రోజులైంది. చిన్న నొక్కు కూడా లేదు. రోజూ తీసి చూడటం, మళ్ళీ పెట్టెయ్యడం. ఇవాళ గడువు తారీకు. ఇంక వాయిదా వేస్తే నువ్వు వచ్చి ఏరి పారేస్తావని, మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి రాగానే నీ స్వెటరు వేసుకుని కిటికీ దగ్గర కూచున్నాను. నలభై మూడుని పిలుద్దామా అనుకున్నాను గానీ పిలవలేదు.

మూత ఎత్తాను. ఎంతెంత ముక్కలే, ఏ తల్లి చేపవో! నా అరచేతి వెడల్పు, వేలెడు మందం. చేప అలా ఉండేదని నేనే మరిచిపోయాను. చేప తగ్గిందని నీకు రాశానే గానీ, ఇంతగా తగ్గిందని రోజూ చూస్తూ కూడా తోచలేదు. నీళ్ళు చెంచాడున్నాయేమో. ముక్కల్ని అరచేతిలోకి వంపుకున్నాను. త్రాసు లేదు, అక్కర్లేదు. నూట ముప్ఫై. ఆ పట్టిన చెయ్యి మీ బావది, పెట్టిన చెయ్యి నాది. ఇంక అలాంటి డబ్బా ఎక్కడా ఉండదు.

సగం నీకు ఉంచి ఎలాగైనా పంపుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక ఆగలేకపోయాను. ఏడుస్తూ మొత్తం తినేశాను, అడుగున నీళ్ళతో సహా. నీకు ఒక్క ముక్క కూడా ఉంచనందుకు నువ్వు నన్ను క్షమించు. మీ ఉత్తరం సంగతి నేను క్షమించాను. జాలిపడి కాదు. చెల్లుకు చెల్లు.

అన్నేసి మాటలు రాసిన ఆ ఉత్తరం చింపేశాను, నువ్వు చెప్పినట్టే. తక్కినవన్నీ పెట్టెలో ఉన్నాయి.

పొద్దు వాలుతోంది. పోస్టు డబ్బా ఖాళీ చేసే లోపల ఇది వేసి రావాలి. ఎడం చేత్తో రాస్తున్నాను, అందుకే ఈ వంకరలు. కుడి చెయ్యి ఇంకా కడుక్కోలేదు.

అక్క